ఇంటికప్పు వంక చూసినవాడు

గురువారం మధ్యాహ్నానికి ఒడిలోన్ ఫ్రెసోన్ ముప్ఫైతొమ్మిది మందిని చంపి ఉన్నాడు. నలభయ్యో శవం కూడా సిద్ధంగానే ఉంది. పేరులేని రేవుపట్నంలో, పొగమంచులో, వంతెన కింద బోర్లా పడి ఉంది. చంపింది ఎవరో ఒడిలోన్‌కి తెలుసు. చేతితొడుగులు కుట్టేవాడు, దొంగచాటుగా పావురాలు పెంచి వాటి కాళ్లకి వజ్రాలు కట్టి సరిహద్దు దాటిస్తుంటాడు. తెలియనిదల్లా ఒక్కటే. వాడి దగ్గర పావురాలున్నాయని డిటెక్టివ్ ఎలా కనిపెట్టాలి? శుక్రవారం పొద్దున పదింటికల్లా లియేజ్ నగరంలో, బెల్జియంని ఆక్రమించుకున్న జర్మన్ల కచేరీ బల్లమీద పుస్తకం పెట్టాలి. ముగింపు లేని హత్యకి వాళ్లు అచ్చు కాగితం ఇవ్వరు.

అటక గదిలో కిటికీ దగ్గర టైపు మిషను. రిబ్బను ఎండిపోతే రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి మళ్లీ చుట్టాడు. అందుకని అక్షరాలన్నీ నూనెలో వేయించి తీసినట్టు అంచులు ఊరి ఉన్నాయి. టైపు చేస్తున్నది ట్రాం డిపో పాత రసీదుల వెనకవైపు. పొద్దున పూట ఆ డిపోలోనే టిక్కెట్ల గుమాస్తా, మిగతా పొద్దంతా హంతకుడు. యుద్ధానికి ముందు ఆయన డిటెక్టివ్ లండన్‌లో ఉండేవాడు, ఇంగ్లీషు పేరుతో, టీ తాగుతూ. జర్మన్లు వచ్చాక లండన్ పనికిరాదన్నారు. ఒక్క పూటలో ఆ పెద్దమనిషి పేరు మార్చుకుని, పెట్టె సర్దుకుని, రేవుపట్నానికి కాపురం మార్చేశాడు. పొగమంచుని మాత్రం వెంట తెచ్చుకున్నాడు. ఇప్పుడు టీ బదులు వేయించిన బార్లీ కషాయం తాగుతున్నాడు, మా అందరిలాగే.

యుద్ధం మా బావివీధిలో కొందరి కాళ్లు తీసుకుంది, కొందరి కొడుకుల్ని తీసుకుంది. ఒడిలోన్‌కి మాత్రం పాఠకుల్ని ఇచ్చింది. బయటి పుస్తకాలు రావడం మానేసేసరికి, చదవడానికి ఇంకేమీ లేక జనం ఆయన్ని చదివారు. తర్వాత కాగితానికి కరువొచ్చింది. ముప్ఫైరెండు పేజీల పుస్తకం పదహారుకి దిగి, ఆనక ఏడాదిగా పూర్తిగా ఆగిపోయింది. ఈ నలభయ్యోది అచ్చు కాకపోతే ఒడిలోన్ ఇక బతికినన్నాళ్లూ ట్రాం టిక్కెట్లే.

కిటికీలోంచి పక్కింటి పెరడు కనిపిస్తుంది. గాస్పార్ హెన్రోట్ పార పట్టుకుని ఉల్లికాడల మడి తవ్వుతున్నాడు. నలభయ్యేళ్లు బొగ్గుగనిలో వంగి పనిచేసినవాడు, నిటారుగా నిలబడ్డా సగం వంగే ఉంటాడు. మార్చి ఎండ పలచగా ఉంది.

మా వీధిలో యుద్ధానికి ముందు పావురాల గూడు లేని ఇంటికప్పు లేదు. ఆదివారం మధ్యాహ్నం ఫ్రాన్సు నుంచి పందెం పావురాలు తిరిగొచ్చే వేళకి వీధంతా ఊపిరి బిగబట్టేది. పసిపిల్లలు ఏడిస్తే నోరు మూసేవాళ్లు. ఒకసారి గాస్పార్ పావురం ఒకటి, దాన్ని బోర్డోలో వదిలారన్న తంతి కంటే ముందు ఇల్లు చేరింది. నమ్మకపోతే మానండి, పందెం గడియారం ఇప్పటికీ ఉంది. జర్మన్లు వచ్చి, శత్రువుకి కబుర్లు మోస్తాయని, పావురాలన్నిటినీ చంపమన్నారు. ఉంగరం తొడిగిన కాళ్లు కోసి, తీగకి గుచ్చి, పట్టుకొచ్చి అప్పజెప్పమన్నారు. గాస్పార్ పద్నాలుగు జతల కాళ్లు అప్పజెప్పి, వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత పావురం ఉంచుకున్నవాడికి మరణశిక్ష అని మూడు భాషల్లో గోడల మీద అంటించారు.

ఒడిలోన్ చూస్తుండగా గుట్ట మీదుగా ఒక అడవి పావురం ఎగిరి వచ్చింది. గాస్పార్ తల గభాలున లేచింది. కుడిచెయ్యి పారని వదిలేసి, గాలిలో, ఉత్తదే, పావురాల్ని గూటికి పిలవడానికి మొక్కజొన్న గింజల డబ్బా ఊపినట్టు గలగలా ఊగింది. నాలుక అంగిట్లో టకటకలాడింది. ఇందులో వింతేమీ లేదు. మా వీధి మగవాళ్లందరికీ ఆ జబ్బు ఉంది. ఒడిలోన్ వందసార్లు చూసి నవ్వుకున్నదే. కానీ ఈ రోజు దాని తర్వాతది చూశాడు. గాస్పార్ కళ్లు పిట్ట వెంట పోలేదు. ముందు పెరట్లోని తన బట్టలుతికే కొట్టుగది కప్పు వంక పోయాయి. సగం ఊపిరి సేపు. మూలన ఉన్న పెంకుల మీద ఆగి, ఆ తర్వాత ఆకాశంలోకి, ఆ తర్వాత మళ్లీ ఉల్లికాడల మీదికి.

ఒడిలోన్ వేళ్లు మీటల మీద పడ్డాయి. "పావురాలు లేనివాడు పావురం కనిపిస్తే ఆకాశం చూస్తాడు. ఉన్నవాడు ముందు తన కప్పు చూసుకుంటాడు, తప్పించుకున్నది నాది కాదు కదా అని." డిటెక్టివ్ బుట్టలోంచి ఒక పావురాన్ని వీధిలోకి వదులుతాడు. అందరూ తలెత్తుతారు. ఒక్కడు మాత్రం కప్పు వంక చూస్తాడు. నాలుగు పేజీలు ఆగకుండా వచ్చేశాయి.

అయితే గాస్పార్ మామ దగ్గర పావురాలున్నాయన్నమాట. ఆ ఆలోచన వచ్చింది. మర్యాదగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఒడిలోన్ దాన్ని లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు.

*

కచేరీలో కాగితం అనుమతులు ఇచ్చే సార్జంట్ పేరు క్రాంజ్. బట్టతల, మెత్తటి చేతులు. ప్రతి పుస్తకాన్నీ మొదటి నుంచి చివరిదాకా తనే చదువుతాడు. వేలు నాలుకకి తాకించి పేజీ తిప్పుతాడు. ఒడిలోన్ చేతిలో టోపీ పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. నవ్వాల్సిన చోట క్రాంజ్ నవ్వాడు. శవం దొరికిన చోట బల్లమీది బిస్కట్టు సగం కొరికి పక్కన పెట్టాడు. ఆఖరి నాలుగు పేజీల దగ్గర వేలు నాలుక మీదే ఆగిపోయింది.

"ఇది ఎక్కడ చూశారు మీరు?" అన్నాడు.

"చూడలేదండి. ఊహించాను."

"మా నాన్న కూడా గని మనిషే. మా దేశంలో, రూర్ గనుల్లో. ఆదివారమొస్తే పావురాలే ఆయనకి. చెయ్యి ఇట్లా ఊపేవాడు." క్రాంజ్ మెత్తటి చెయ్యి గాలిలో గలగలలాడించాడు. "ఇది నేనూ రాయగలను. కానీ కప్పు వంక చూడటం ఉందే, ఇది నాకు తెలీదు. చిన్నప్పటినుంచీ పక్కనే ఉండి కూడా నేను గమనించలేదు."

"గమనించేదేముందండి. కాస్త బుర్ర పెట్టి ఆలోచిస్తే తడుతుంది," అన్నాడు ఒడిలోన్.

అక్కడ ఆగి ఉండొచ్చు. ఎవరో చెప్పగా విన్నానని, పాత పత్రికలో చదివానని, వేరే ఊళ్లో చూశానని అబద్ధమన్నా ఆడి ఉండొచ్చు. ఏడాది తర్వాత ఒక మనిషి తన పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా చదివి ప్రశ్న అడిగాడు. ఒడిలోన్ ఇంకో మెట్టు ఎక్కాడు. "మనుషుల్ని చూడటమే నా పని కదండీ. మా వీధిలో కూచుంటే ప్రపంచమంతా కనిపిస్తుంది."

"ఏ వీధి?" అని క్రాంజ్ అడగలేదు. దరఖాస్తు కాగితం మీద ఉంది. దాన్ని ఒకసారి చూసి, పుస్తకం చివరి పేజీ మీద, అచ్చులోనూ రావాలని, తేదీతో సహా ముద్ర కొట్టాడు. "ఇరవై వేల కాపీలకి కాగితం. వచ్చే శనివారానికి అంగళ్లలో ఉండాలి. మంచి ముగింపు, ఫ్రెసోన్ గారూ. చాలా మంచి ముగింపు."

ట్రాంలో నదీ వంతెన దాటేదాకా ఒడిలోన్ ఇరవై వేల మంది పాఠకుల ముఖాలు చూసుకుంటూ కూచున్నాడు. వంతెన దాటి ట్రాం గుట్ట ఎక్కడం మొదలుపెట్టాక, దరఖాస్తు మీద క్రాంజ్ కళ్లు ఎక్కడ ఆగాయో అప్పుడు గుర్తొచ్చింది.

*

దిగిన వాడు దిగినట్టే గాస్పార్ ఇంటికి వెళ్లాడు. పెరట్లో మా వీధి మార్సెలీన్ తడి చొక్కాలు పిండుతోంది. ఆవిడ మొగుడు జర్మనీలో యుద్ధఖైదీ. ఆవిడేమో ఇక్కడ జర్మన్ సిపాయిల చొక్కాలు ఉతుకుతుంది. కాగు పెట్టుకోవడానికి గాస్పార్ తన కొట్టు వాడుకోమన్నాడు.

"ఏం ఫ్రెసోన్ గారూ, ముఖం ఉతికి ఆరేసినట్టుంది. కాగితం ఇవ్వలేదా?" అంది.

"ఇచ్చారు."

"మరి ఏడుపెందుకు? నాకివ్వండి ఆ ముఖం, గంజి పెట్టి ఇస్తాను."

వంటింట్లో గాస్పార్ భార్య ఫిలోమెన్ నూనె లేకుండా ఇనప పలక మీద హెర్రింగు చేప కాలుస్తోంది. కళ్లకి పొరలొచ్చి ఆవిడకి వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించవు. వాసనని బట్టే తిరగేస్తుంది.

"రా రా, రచయితగారూ," అన్నాడు గాస్పార్. "ఈ వారం ఎవర్ని చంపావు?"

"బ్యాంకు గుమాస్తాని."

"పోనీలే. ఆ జాతి ఇంకా చాలామంది మిగిలున్నారు. కూచో."

ఒడిలోన్ కూచోలేదు. "మామా, ఒక మాట. కొట్టు మీద ఏమన్నా ఉంటే తీసెయ్యి. ఇవ్వాళే."

"ఏముంటాయి? ఎలకలున్నాయి. కావాలా, కూర వండుకుంటావా?"

"పిట్టలుంటే అంటున్నా."

ఫిలోమెన్ చేతిలో గరిట ఆగింది. గాస్పార్ నవ్వు ముఖం మీదే ఉంది గానీ కళ్లలోంచి వెళ్లిపోయింది. "పద్నాలుగు జతల కాళ్లు వాళ్ల బల్లమీద పెట్టొచ్చాను. నువ్వూ ఉన్నావు పక్కన. ఇప్పుడు కొత్తగా నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"చెప్పకుండా ఎట్లా తెలిసింది? పొద్దున వాళ్ల కచేరీకి వెళ్లొచ్చావు. మధ్యాహ్నానికి నా కప్పు మీద పిట్టలున్నాయంటున్నావు. వాళ్లే అడిగిరమ్మన్నారా?"

ఒడిలోన్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను అట్లాంటి వాణ్ణా, మామా?"

"ఏమో మరి. కాగితం ముక్క కోసం లండన్‌నే తీసుకెళ్లి జర్మన్ రేవులో ముంచినవాడివి. నన్ను వదులుతావా?"

"ఊరుకోండి, అతనేదో మంచికే చెప్పొచ్చాడు," అంది ఫిలోమెన్.

"నేనేమన్నానే? నవ్వులాటకన్నా." గాస్పార్ ముళ్లు తీస్తూ తల ఎత్తకుండానే అన్నాడు. "అతని పుస్తకాలంటే నాకు ఇష్టమే. మొదలు బాగుంటుంది, నడుమా బాగుంటుంది. చివరికొచ్చేసరికి ఎవడో ఒకడు వచ్చి ఆ డిటెక్టివు చెవిలో అంతా ఊదిపోతాడు. వాడంతట వాడు ఒక్కసారన్నా కనిపెట్టిన పాపాన పోయాడా?"

"ఈసారి కనిపెట్టాడు," అన్నాడు ఒడిలోన్.

"అట్లాగా? ఎట్లా కనిపెట్టాడేం?"

చెప్పాల్సింది ఒక్క మాట. పావురం ఎగిరితే కప్పు వంక చూడకు మామా. అది నాలుక మీదిదాకా వచ్చింది. దాని రుచి కూడా ఒడిలోన్‌కి తెలిసింది. గాస్పార్ చేపముల్లు పళ్లమధ్య నుంచి తీసి చూసుకుంటూ, ఒక కంట ఒడిలోన్ని చూసి, మూతి పక్కకి తిప్పి నవ్వుతున్నాడు.

"పుస్తకం వచ్చాక చూడు," అని ఒడిలోన్ టోపీ పెట్టుకున్నాడు.

శనివారం రెండుసార్లు వాళ్ల తలుపుదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. క్రాంజ్‌కి పనులు లేకనా, ఎవడో ముసలాడి కప్పు వెతుక్కుంటూ వస్తాడు, అనుకున్నాడు. రెండోసారి వెనక్కి వచ్చేటప్పుడు ఆ మాట పైకే అనుకున్నాడు.

*

ఆదివారం పూజ ముగిశాక మగవాళ్లు అలవాటు ప్రకారం కాఫీ కొట్టు ముందు గుమిగూడారు. కాఫీ లేదు, కొట్టు ముందు నిలబడే అలవాటు మాత్రం ఉంది. వీధి చివర బూడిదరంగు లారీ ఒకటి మూత తెరుచుకుని గంటనుంచీ చెడిపోయి ఉంది. దాని కింద ఇద్దరు సిపాయిలు పడుకుని ఏమీ చెయ్యడంలేదు. రొట్టెల అంగడి మెట్ల మీద క్రాంజ్ మామూలు కోటు వేసుకుని నిలబడ్డాడు. ఒడిలోన్ అతన్ని చూసేసరికి, గాస్పార్ గుంపుకి అవతలి వైపున, ఎవరితోనో ముల్లంగి దుంపల పులుసు గురించి మాట్లాడుతున్నాడు. మధ్యలో పదడుగులు. ఒడిలోన్ వాటిలో రెండు వేశాడు. దగ్గరికి వెళ్లి ఏమని చెప్పాలి, ఇంతమందిలో, క్రాంజ్ చూస్తుండగా, అనుకుని మూడోది ఆపాడు.

అప్పుడే లారీ వెనకనుంచి పావురం లేచింది.

రెక్కలు రెండుసార్లు టపటపమన్నాయి. మాటలన్నీ తెగిపోయాయి. ముప్ఫై తలలు లేచాయి, ముప్ఫై కుడిచేతులు గాలిలో గలగలలాడాయి. గుడి మెట్లమీద ఫాదరు చెయ్యి కూడా ఊగింది. ఎవరో గొంతులో చిన్నగా నవ్వారు, ఏడుపులాంటి నవ్వు. మూడేళ్లుగా ఆ వీధి మీద నీలిరంగు పందెం పావురం ఎగరలేదు. అది పైన ఒక చుట్టు తిరిగింది. ఆ వీధిలో ఆకాశం చూడనివాళ్లు ముగ్గురే. క్రాంజ్ మనుషుల్ని చూస్తున్నాడు. ఒడిలోన్ గాస్పార్‌ని చూస్తున్నాడు. గాస్పార్ తన కప్పు వంక చూస్తున్నాడు.

సగం ఊపిరి సేపు. తర్వాత అతనూ అందరిలాగే తలెత్తాడు. ముఖం పసివాడి ముఖంలా తెరుచుకుంది. కానీ క్రాంజ్ అప్పటికే వేలు చాపాడు, పూటకూళ్లింట్లో ఆ కూర కావాలని చూపించినట్టు.

పెంకులు ఊడదీయడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు పావురాలు, అప్పట్లో దాచిన గుడ్లనుంచి చాటుగా పొదిగించినవి, కాళ్లకి ఉంగరాలు కూడా లేనివి. ఒక సిపాయి మొదటిదాని మెడ తిప్పబోయాడు. చేతకాక ఈకలు పీకాడు, అది సగం చచ్చి కొట్టుకుంటోంది.

"ఇటివ్వు," అన్నాడు గాస్పార్.

సిపాయి క్రాంజ్ వంక చూశాడు. క్రాంజ్ తల ఊపాడు. గాస్పార్ దాన్ని అందుకుని, బొటనవేలితో మెడ వెనక తడిమి, చిన్నగా లాగాడు. అయిపోయింది. రెండోదాన్ని కాసేపు చంకలో పెట్టుకుని వెచ్చబరిచి, అది కువకువలాడడం మొదలుపెట్టాక అదే చేశాడు. రెంటినీ గుమ్మం పక్కన వరసగా పెట్టి, చేతులు ముందుకి చాపాడు, కట్టుకోమని.

లారీ వెంటనే బాగుపడింది. క్రాంజ్ ఒడిలోన్ పక్కనుంచే వెళ్లాడు, దీపస్తంభం పక్కనుంచి వెళ్లినట్టు, అతని వంక చూడకుండా. ఒడిలోన్‌కి ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే, ఒక్క క్షణం, నన్ను గుర్తుపట్టలేదే అని నొచ్చుకున్నాడు కూడా.

*

బుధవారం ఎర్రకాగితం అంటించారు. అయిదు పేర్లు. మూడోది గాస్పార్ హెన్రోట్, అరవయ్యారు, మాజీ గనికూలీ, శత్రువు కోసం పావురాలు పెంచినందుకు. కాల్చేశాకే కాగితం అంటిస్తారు, కాబట్టి ఎవరికి మొరపెట్టుకోవాలా అన్న బాధ ఎవరికీ లేకపోయింది.

గురువారం ఫిలోమెన్ కర్ర పట్టుకుని అటకదాకా ఎక్కి వచ్చింది. మంచం అంచున కూచుని ఆయాసం తీర్చుకుంది.

"నాయనా, నువ్వు ఇట్లాంటివి విప్పుతావు కదా," అంది. "నువ్వు ముందే హెచ్చరించావు, ఆయన వినలేదు. నేను నిన్ను ఇంకేమీ అడగను. ఎవరు చెప్పారో అది ఒక్కటి చెప్పు. లారీ దిగి నేరుగా మా కొట్టు మీదికే ఎక్కారు. ఎవరో చెప్పి ఉండాలి."

నేనే, అనడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. గదిలో ఇద్దరే ఉన్నారు. ఆవిడకి అతని ముఖం కూడా కనిపించదు. ఒడిలోన్ గొంతు సవరించుకున్నాడు. బయటికి వచ్చింది వేరే మాట.

"కొట్టులోకి ఎవరెవరు వస్తుంటారత్తా?"

"మేమిద్దరం. మార్సెలీన్."

"ఇంకెవరూ రారా?"

"రారు. పిట్టల సంగతి తనకి తెలుసు. ఆవిరికి వెచ్చగా ఉంటుందని కాగు అటువైపే పెట్టేది."

"తను ఉతికే చొక్కాలు ఎవరివి?"

తన నోట్లోంచి వస్తున్న ప్రశ్నలు ఒడిలోన్‌కే వినిపిస్తున్నాయి. ఒకదాని వెంట ఒకటి, పుస్తకంలోలాగే, ఎంత చక్కగా అమరుతున్నాయో. ఫిలోమెన్ కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"వాళ్లవే," అంది. "శుక్రవారం శుక్రవారం సిపాయిల బారకాసులకి తనే పట్టుకెళ్తుంది." మళ్లీ ఆగి, "అయితే మార్సెలీనేనంటావా?"

"నేనట్లా అనలేదత్తా."

"కాదనీ అనడంలేదుగా."

ఆవిడ ఇంకాసేపు కూచుంది, ఇంకో మాట వస్తుందేమోనని. రాలేదు. కర్ర తడుముకుంటూ దిగి వెళ్లింది.

మిగతాది వీధి చేసింది. శుక్రవారం పొద్దున రొట్టెల వరసలో మార్సెలీన్ ముందూ వెనకా ఎవరూ నిలబడలేదు. వరస పక్కకి జరిగి, ఆవిడ లేనట్టుగా మళ్లీ కలిసింది. ఆవిడ రొట్టెల రేషను కార్డు అంగడి బల్లమీదనుంచి పోయింది. తీగమీద ఆరేసిన చొక్కాలన్నీ బొగ్గుబురదలో దొరికాయి. కిటికీ అద్దాలు పగిలాయి, ముందు కిందివి, తర్వాత పైవి. "నేను మిమ్మల్ని ఏం చేశాను?" అని ఆవిడ ఒక్కసారే అడిగింది, పంపు దగ్గర, ఎవరినీ పేరుపెట్టి కాదు. ఒకావిడ తన బిందె తిప్పుకుంది. శనివారం తెల్లారగానే మార్సెలీన్ రెండు మూటలూ ఒక కాగూ తోపుడుబండిలో వేసుకుని ట్రాం స్టాపు వైపు దిగిపోవడం చాలామంది తలుపుల సందుల్లోంచి చూశారు. ఒడిలోన్ అటక మీంచి చూశాడు. ఒక చక్రం కిర్రుమంటోంది. ఆవిడ ఒకచోట ఆగి, చక్రంలో చిక్కుకున్న శాలువా కొస తీసుకుని, మళ్లీ తోసింది.

*

ఆ రోజే నలభయ్యో పుస్తకం అంగళ్లలోకి వచ్చింది. ఒడిలోన్ పొద్దెక్కాక మా స్టాపు దగ్గరి పత్రికల అంగడికి వెళ్లాడు, ఉన్నవన్నీ తనే కొనేద్దామని. మిగిలింది ఆరు.

"చేతికి రాకముందే పోతున్నాయి," అంది అంగడావిడ. "పావురం, కప్పు, అచ్చం మన గాస్పారే కదండీ. వారంలో రాసి, వారంలో అచ్చేయించారు. మీ చెయ్యి మహా వేగం."

ఒడిలోన్ ఆవిడ ముఖంలోకి చూశాడు. వాళ్లకి తట్టలేదు. తర్వాతే రాశాననుకుంటున్నారు. గాస్పార్ మామ గుర్తుగా రాశాను, అన్నాడు. ఇంటికి వెళ్తూ ఇంకో ఇద్దరితో కూడా అదే అన్నాడు. మూడోసారికి ఆ మాట నోట్లో నునుపు తేలింది.

మధ్యాహ్నం ఫిలోమెన్ వచ్చింది. చేతిలో పుస్తకం ఉంది, అంటుకుని వచ్చే పేజీలు అప్పటికే కోసి విడదీసి ఉన్నాయి.

"మా ఆయన గురించి రాశావటగా. చదివి పెట్టు."

"మొత్తమా అత్తా?"

"వంతెనా శవమూ నాకెందుకు. చివర చదువు."

ఒడిలోన్ పుస్తకం తెరిచాడు. ఆ నాలుగు పేజీలు కళ్ల ముందున్నాయి. చేతితొడుగులు కుట్టేవాడు వీధిలో నిలబడ్డాడు, అని మొదలుపెట్టాడు. పావురం లేచింది, అన్నాడు. అక్కడినుంచి కాగితం మీద ఉన్నది వదిలేసి సొంతంగా అల్లాడు. చేతితొడుగులవాడు తలెత్తలేదు. చేతిలో సూదీ దారమూ ఉన్నాయి. ఒక కుట్టు వేశాడు, ఇంకో కుట్టు వేశాడు. వీధంతా ఆకాశం చూస్తుంటే అతను మాత్రం తోలు చూసుకుంటున్నాడు. డిటెక్టివ్ ఒక్కొక్క ముఖమే వెతికాడు. ఏ ముఖంలోనూ ఏమీ లేదు. నా జీవితంలో మొదటిసారి ఓడిపోయాను, అనుకుని టోపీ పెట్టుకుని రైలెక్కాడు. అతను వెళ్లాక చేతితొడుగులవాడు నిచ్చెన వేసుకుని కప్పెక్కి, పెంకు పక్కకి జరిపాడు. పిట్టలు రెండూ నది మీదుగా పోయాయి. ఎటు పోయాయో అతను చూడలేదు, కుట్టడానికి ఇంకా పని ఉంది.

ఎక్కడా తడబడలేదు. పేజీ తిప్పాల్సిన చోట తిప్పాడు. ఇరవయ్యేళ్లలో అంత మంచి ముగింపు అతనికి ఎన్నడూ రాలేదు. పుస్తకం మూశాడు.

"బాగుంది నాయనా," అంది ఫిలోమెన్. "ఆయనుంటే ఈ ముగింపు ఒప్పుకునేవాడు."

కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఇందాక మార్సెలీన్ చదివినప్పుడు మాత్రం ఇట్లా లేదు."

ఒడిలోన్ పుస్తకాన్ని బల్లమీద పెట్టాడు.

"ట్రాం కోసం కూచుని, దారిలో చదువుకుందామని కొన్నదట. చదివి, బండి అక్కడే వదిలేసి వెనక్కొచ్చింది. తలుపు తియ్యనన్నాను. తలుపు బయటే నిలబడి చదివింది, మొదటినుంచి. చివరి పేజీలో వాళ్ల ముద్ర కింద తేదీ ఉందటగా. పోయినవారం శుక్రవారం. వాళ్లు వచ్చింది ఆదివారం." ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. "అప్పుడు తీశాను తలుపు. నేను ఆ పిల్ల కాళ్లు పట్టుకోబోతే తను పట్టుకోనివ్వలేదు."

"అత్తా, నేను చెప్పడానికే వచ్చాను ఆ రోజు. మామ నన్ను..."

"నాకు చెప్పకు. నేను ఒక్కదాన్ని విని ఏం చేసుకోను." లేచి నిలబడింది. "కింద అందరూ వచ్చారు. మార్సెలీన్ తనే చదువుతానంది, నేనొద్దన్నాను. రాసినవాడే చదవాలన్నాను. దిగు. ఈసారి ఉన్నది ఉన్నట్టు."

ఆవిడ ముందు దిగింది, ఒక్కో మెట్టునీ కర్రతో తడుముకుంటూ, ఏమాత్రం తొందర లేకుండా. కింద ఎవరూ మాట్లాడుతున్న చప్పుడు లేదు. ఒడిలోన్ చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. పుస్తకం తీసుకున్నాడు. వీధి తలుపు తెరిచి ఉంది. ఎవరో తమ ఇంట్లోంచి ఒక కుర్చీ తెచ్చి, వెలుతురు బాగా పడేచోట, వీధి నడుమ వేశారు.